శూన్యానికి నేర్పిన మాట

పోయిన వారం ఇంగున్‌ను కంప్యూటర్ తెర ముందు, చల్లారిపోయిన కాఫీ పక్కన వదిలి వచ్చాం. కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు. ట్రోమ్సో రేవులో, ఒకప్పుడు ఎండుచేపలు దాచిన కొట్టంలో ఆమె, తోర్గేర్ కలిసి చిన్న కంపెనీ నడుపుతున్నారు. కాల్ద్‌తిన్ కొండ మీంచి మంచు ఎప్పుడు విరిగి పడుతుందో ముందే చెప్పే ప్రోగ్రాం వాళ్లది. రాసినవాడు ఆమె భర్త హాల్వార్. అక్టోబరులో పడవేసుకుని వెళ్లాడు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. ఇప్పుడు హాల్వార్ ప్రోగ్రాం వారం నుంచి ‘ప్రమాదం’ అంటూనే ఉంది. తోర్గేర్ కొత్తగా రాసిన ప్రోగ్రాం ‘ఏమీ లేదు’ అంటోంది. కొండ కింద రోడ్డు మూసి ఉంది. ఆ రోడ్డుకు అవతల, స్కార్వికాలో, అత్తగారి దగ్గర ఇంగున్ ఎనిమిది నెలల పాప ఆస్నే చిక్కుపడిపోయింది. రెండు ప్రోగ్రాములూ ఒక మాట మీద లేనప్పుడు ఇంగున్ మాటే చెల్లుతుందని మొదటినుంచీ ఒప్పందం. ఆ మాట ఆమె నోట ఇంకా రాలేదు.

*

మధ్యాహ్నం మూడు దాటిందంతే. అయినా కిటికీ బయట ఆకాశం నీలిమందు కలిపిన నీళ్లలా ఉంది. నవంబరులో కొండల వెనక్కి వెళ్లిన సూర్యుడు రేపు మొదటిసారి తొంగిచూడాలి. ఊరంతా రేపటి కోసం బన్నులు కాలుస్తోంది. ఆ వాసన రేవు దాకా వచ్చి, కొట్టం గోడల్లో ఇంకిపోయిన చేపల వాసనతో కలిసిపోతోంది.

ఉన్ని స్వెట్టరు లోపల మళ్లీ తడి తగిలింది. ఎక్కడో ఏదో పిల్ల ఏడ్చినా చాలు, పాలు వాటంతటవే వస్తున్నాయి. ఇందాక రేవులో సముద్రపక్షి అరిచినా వచ్చాయి. వారం అయింది పిల్లని ఎత్తుకుని. రెండు రోజుల్లో తీసుకొచ్చేస్తానని అత్తగారి దగ్గర దింపి వచ్చింది. ఆ రాత్రే తుఫాను, తెల్లారేసరికి రోడ్డు మూత.

“తిను,” అంటూ తోర్గేర్ ఆమె ముందు కాగితంలో చుట్టిన వాఫుల్ పెట్టాడు. గోధుమరంగు జున్ను ముక్క అంచులు దాటి వేలాడుతోంది. “పాలిచ్చే తల్లివి. కాఫీ మీద బతుకుతావా?”

“ఆకల్లేదు.”

“ఆకలి అడిగానా? తినమన్నాను.”

తోర్గేర్ పెద్ద ఒడ్డూ పొడవూ మనిషి. తండ్రి తాతలు కాడ్ చేపల వేటలో పుట్టి పెరిగినవాళ్లు. హాల్వార్‌తో కలిసి చదివాడు, కలిసి తాగాడు, కలిసి ఈ కంపెనీ పెట్టాడు, పెట్టిన నాటి నుంచీ కలిసి పోట్లాడాడు. పోట్లాట ఎప్పుడూ ఒక్కటే: ప్రోగ్రాం ఏ భాషలో రాయాలని.

హాల్వార్ భాషలో అన్నీ ఆబ్జెక్టులే. కొండవాలు ఒక ఆబ్జెక్టు. గాలి ఒకటి. మంచు పొరలు ఒక్కొక్కటీ ఒక్కొక్కటి. చివరికి రెండు, మూడు అనే అంకెలు కూడా. ఎవరి సంగతి వాళ్లకే తెలుసు. అడిగితే చెప్తారు. అడక్కుండా ఎవరి లోపలా చెయ్యి పెట్టకూడదు. పైగా ఆ భాషలో ప్రోగ్రాంని ఆపడమంటూ లేదు, నిద్రపుచ్చడమే. ఎలా ఉన్నదాన్ని అలాగే గడ్డకట్టించి దాచేస్తుంది. మళ్లీ తెరిస్తే, వదిలినచోటే కళ్లు విప్పుతుంది. అందుకే తెర కింది మూలలో, హాల్వార్ ఆఖరి రోజు తెరిచిపెట్టుకున్న చిన్న గడి ఇప్పటికీ అలాగే ఉంది. అందులో సగం రాసిన వాక్యం ఒకటి.

‘మౌనంగా ఉంటే ముందు స్తంభం ఎత్తు’

అంతే. ఆ తరవాత చిన్న నిలువుగీత, ఆరుతూ వెలుగుతూ, తరవాతి అక్షరం కోసం చూస్తోంది. అక్టోబరు నుంచి చూస్తోంది. ఇంగున్ ఆ గడిని మూయలేదు, నింపలేదు. మూస్తే మనిషి లేచి వెళ్లిపోతాడేమోనని భయం. నింపితే వాక్యం తనదైపోతుందని భయం. పొద్దున తెర వెలగగానే ముందు అటు చూస్తుంది, ఆ గీత కొట్టుకుంటోందా లేదా అని. పడుకున్న పిల్ల పొట్ట కదులుతోందా అని చూసినట్టు.

“చూడు ఇంగున్,” కుర్చీ లాక్కుని కూర్చున్నాడు తోర్గేర్. “నీ మొగుణ్ణి తిట్టడం నా ఉద్దేశం కాదు.”

“పొద్దుట్నించీ తిడుతూనే ఉన్నావు.”

“వాడు ఉండగా కూడా తిట్టాను, మొహం మీదే. నవ్వేవాడు. నువ్వు నవ్వట్లేదు, అదే ఇబ్బంది.” పై పెదవి కింద పొగాకు ముద్ద సర్దుకున్నాడు. “వాడిది మడి భాష. అంకెని కూడా ముట్టుకోకూడదు, బతిమాలాలి. ‘అమ్మా రెండూ, నీ పక్కన మూడొచ్చి నిలబడింది, మీరిద్దరూ కలిస్తే ఎంతవుతారు తల్లీ?’ అని. అదేమో కాసేపు ఆలోచించుకుని, జుట్టు దువ్వుకుని, ‘అయిదు’ అంటుంది. నా దాంట్లో రెండంటే రెండే. నోరూ లేదు, వాయీ లేదు. కూడమంటే కూడి ఛస్తుంది.”

ఇంగున్‌కు నవ్వు వచ్చింది. రానివ్వకూడదనుకుంటూనే నవ్వేసింది. “లోపల చెయ్యి పెట్టడం మొదలెడితే, ఏ తప్పు ఎవరి చెయ్యో ఎప్పటికీ తెలీదనేవాడు.”

“లోపల చెయ్యి పెట్టకుండా చేప కడిగినవాణ్ణి చూశావా నువ్వు? పోయినేడాది తుఫానులో ఏమైంది? కొండ పరిస్థితేంటని అడిగితే, మీ ఆయన ముద్దుల ప్రోగ్రాం ఆలోచిస్తూ ఆలోచిస్తూ కూర్చుంది. రోడ్డు గేటు కాసే ముసలి ఒద్వార్ పాపం కర్ర పట్టుకుని గడ్డకట్టిపోయాడు. ‘మీ ప్రోగ్రాం కాఫీకెళ్లిందా?’ అని ఫోన్ చేశాడు. గుర్తుందా?”

గుర్తుంది. ఆ మాట అబద్ధం కాదు. ఇంకో నిజం కూడా ఉంది. హాల్వార్ నడుస్తున్న ప్రోగ్రాంలోనే మార్పులు చేసుకుంటూ పోయేవాడు, నడుస్తున్న బండికి చక్రం మార్చినట్టు. ఏది ఎప్పుడు మార్చాడో ఆయనకే తెలుసు. ఇప్పుడు ఆయన లేడు. ఆ లోకానికి ఇంగున్ కాపలా మనిషి, అంతే. తాళాలున్నాయి, ఇంట్లో ఎన్ని గదులున్నాయో తెలీదు.

ఫోన్ మోగింది. ఇంగున్ చెయ్యి తోర్గేర్ కంటే ముందు వెళ్లింది.

“నేనేనమ్మా, బోర్గిల్‌ని,” అంది అత్తగారు. వెనక ఇంజను చప్పుడు. “ఒద్వార్ గుడిసెలోంచి చేస్తున్నా. బస్సు గేటు దగ్గర ఆపి పెట్టాడు. ఎప్పుడు తెరుస్తారని అందరూ నా మొహమే చూస్తున్నారు, కొండ నా అబ్బసొత్తయినట్టు. బన్నులు కాల్చా. ఇంకాసేపుంటే ఆ డ్రైవరే తినేసేలా ఉన్నాడు.”

“ఆస్నే?”

“ఇదిగో నా భుజం మీదే. మాట్లాడుతుందట. ఏయ్ పిల్లా, అమ్మ. అమ్మకి చెప్పు.”

రిసీవరు పిల్ల మూతి దగ్గర పెట్టినట్టుంది. ఏమీ వినబడలేదు. ఇంగున్ చెవిని నొప్పెట్టేదాకా అదిమింది. ఏమీ లేదు. 

“బోర్గిల్, ఏమీ వినపడట్లేదు. బాగానే ఉందా? ఊపిరి తీస్తోందా?”

“వైరు నోట్లో పెట్టుకుంది తల్లీ, ఇంక మాటెక్కణ్ణుంచి వస్తుంది!” ముసలావిడ నవ్వింది. “నీ కంగారొకటి. నిద్రపోతున్న పిల్లని లేపి మరీ బతికున్నావా అని అడిగే తల్లివి నువ్వు. ఈ వారం రోజులూ హాయిగా పడుకుంది నా దగ్గర, దుప్పటి ఎత్తి చూసేవాళ్లు లేక. ఏం చేస్తారో తొందరగా చెప్పండి. చలి.”

ఇంగున్ ఫోన్ పెట్టేసింది. రోడ్డు తెరిస్తే సాయంత్రానికి పిల్ల ఒళ్లో ఉంటుంది. ఒక్క మాట. హాల్వార్ ప్రోగ్రాం తప్పు చెప్తోందని ఆమె ఒప్పుకుంటే చాలు.

అది తప్పని తేలాలని తను ఎంతగా కోరుకుంటోందో చూసుకుంటే ఆమెకే భయమేసింది.

“వారం నుంచి ఎందుకు ప్రమాదం అంటోందో అడుగు మరి,” అన్నాడు తోర్గేర్, ఆమె మనసులోకి చూసినట్టే. “మడి భాష గొప్పే అది కదా, ఎవర్నైనా ఏదైనా అడగొచ్చని. అడుగు. నేనూ వింటా.”

అడిగింది.

ముందు కొండవాలును అడిగింది: ఎందుకు భయపడుతున్నావు? తెర కాసేపు ఊరుకుంది. తోర్గేర్ దువ్వెనతో జుట్టు దువ్వుకుంటున్నట్టు సైగ చేశాడు. జవాబు వచ్చింది. కొండ మెడ మీద పాతిన కొలత స్తంభం చెప్పిందట, మంచు చాలా ఎత్తుగా ఉందని.

కొలత స్తంభాన్ని అడిగింది: మంచు ఎంతుంది? అంకె వచ్చింది. స్తంభం కొసకు ఒక చెయ్యి పొడవు తక్కువ.

ఈ అంకె నిన్న చూసింది. మొన్నా చూసింది. కొసకు ఒక చెయ్యి తక్కువ. మంచు ఒక రోజు అణుగుతుంది, ఒక రోజు పెరుగుతుంది. వారం రోజులు వెంట్రుకవాసి కదలకుండా ఎలా ఉంటుంది?

ఆమె వేళ్లు మీటల మీద ఆగాయి. మూడో ప్రశ్న ఆ భాష వాళ్లకు మాత్రమే తోచే ప్రశ్న. జవాబు ఏమిటని కాదు, జవాబు చెప్తున్నది ఎవరని.

‘నువ్వెవరు?’

తెర మీద ఒకే మాట వచ్చింది.

‘శూన్యం.’

కొట్టంలో వేడినీళ్ల గొట్టం ఎక్కడో టప్‌మంది.  తోర్గేర్ ముందుకు వంగాడు. అతని మొహంలో నవ్వు లేదు.

“అంటే?”

“అంటే అక్కడ ఎవరూ లేరు.” ఇంగున్ తెర మీది మాటను వేలితో చూపింది. “కొలత రావట్లేదు. స్తంభం మాట్లాడటం మానేసింది. ఈ భాషలో ఏమీ లేకపోవడం కూడా ఒక ఆబ్జెక్టే తోర్గేర్. దాన్ని పలకరించొచ్చు. పలకరిస్తే ‘నాకు తెలీదు’ అంటుంది. దానికి వచ్చింది ఆ ఒక్క మాటే. కానీ ఇది అంకె చెప్తోంది.”

“ఎవరో నేర్పారన్నమాట.”

“ఎవరో ఏంటి.”

శూన్యాన్ని తెరిచి చూసింది. పుట్టుకతో వచ్చిన మాటల అడుగున కొత్తది ఒకటి ఉంది. పక్కన హాల్వార్ పేరులో మొదటి అక్షరం, అక్టోబరు తేదీ. పడవ ఎక్కడానికి ముందు రోజు. నిండా ఒక వరుస కూడా లేదు: ఎవరైనా కొలత అడిగితే, ఆ చోట ఆఖరిసారి విన్నది తిరిగి చెప్పు.

తోర్గేర్ పెద్దగా నవ్వబోయి, నవ్వు సగంలో మింగేశాడు. “వాడా? హాల్వారా? చెయ్యి పెట్టకూడదు, దొంగ అంకె రాయకూడదు అని ఏళ్ల తరబడి నా బుర్ర తిన్నవాడు?”

ఇంగున్‌కు ఆ సాయంత్రం కళ్లముందు కదిలింది. స్తంభం బ్యాటరీ ఒక్క క్షణం తడబడినా ప్రోగ్రాం ‘తెలీదు’ అని గేటు మూయించేస్తోందని ఆ రోజుల్లో రోడ్ల ఆఫీసు వాళ్లు ఆయన్ని నిలబెట్టి కడిగేశారు. ఇంటికి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా గడపలో నిలబడి, “ఇవాళ ఒక మైల పని చేశాను ఇంగున్. రేపు కడిగేస్తాలే,” అన్నాడు. ఆమె ఏమిటని అడగలేదు. పిల్ల ఏడుస్తోంది, పొయ్యి మీద బంగాళదుంపలు మాడుతున్నాయి. ‘సరే, ముందు తలుపు వెయ్యి, చలి’ అంది. అంతే అంది.

“అయితే వారం నుంచి మనం వింటున్నది ఏంటి?” అన్నాడు తోర్గేర్.

“చచ్చిపోయిన స్తంభం ఆఖరి మాట.”

ఇద్దరూ తెర వైపు చూశారు. కింది మూలలో గీత ఆరుతూ వెలుగుతూ ఉంది.

“ఒకటి చెప్పనా? కోపం తెచ్చుకోకు,” మెల్లగా అన్నాడతను. “మీ ఇంటికి ఫోన్ చేసినప్పుడు నువ్వు ఎత్తకపోతే, ఇంకా వాడి గొంతే పలుకుతోంది. ‘మేం ఇంట్లో లేం, మళ్లీ చేస్తాం’ అని. ప్రతిసారీ నా చేతిలో రిసీవరు జారిపోతుంది. వాడు చెయ్యడమ్మా మళ్లీ. ఇదీ అంతే.”

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ ఏడవలేదు. మొండిగా అడిగింది. “నీ దాంట్లో?”

“నా దాంట్లో ఏంటి?”

“కొలత రాకపోతే నీ ప్రోగ్రాం ఏం చేస్తుంది?”

తోర్గేర్ మెడ గోక్కున్నాడు. “గడి ఖాళీగా ఉండదు కదా. సున్నా ఉంటుంది.”

“సున్నా అంటే?”

“అంటే, కొత్త మంచు పడలేదని.”

“పడలేదా? తెలీదా?”

   “నా దాంట్లో ఆ రెంటికీ తేడా లేదు,” అన్నాడు తోర్గేర్. “అంకెకి నోరు లేదన్నాను కదా. లేనిది లేనట్టు చెప్పుకోలేదు.”

ఒకటి సున్నా అని అబద్ధం చెప్తోంది. ఒకటి పోయిన మాట పట్టుకుని వేలాడుతోంది. కొండ మెడ మీద నిజంగా ఏముందో ఈ కొట్టంలో ఎవరికీ తెలీదు.

“సరే, ప్రోగ్రాములు రెండింటినీ నీళ్లలో పారేద్దాం,” అతను లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. “మన కళ్లున్నాయిగా. తుఫాను ఆగి వారమైంది. అప్పట్నించీ చుక్క మంచు పడిందా? ఆకాశం చూడు, చుక్కలు లెక్కపెట్టొచ్చు. ప్రతి జనవరిలోనూ ఆ బ్యాటరీ చలికి ఛస్తుంది, వెలుతురొచ్చాక పోయి మారుస్తాం. పడిన మంచు ఈపాటికి కూర్చునిపోయి ఉంటుంది. ఏ ముసలాణ్ణి అడిగినా నిన్ననే తెరవమనేవాడు. బస్సు ఇంజను వేసి నిలబెట్టాడు ఇంగున్. అందులో నీ పిల్లుంది.”

అందులో నీ పిల్లుంది. ఆ మాట ఆమె పేగుల్లోకి దిగింది. ఇంకో రాత్రి రోడ్డుకు అవతల, ఆ చలిలో, పసిదాన్ని వేసుకుని ముసలావిడ. ఇంకో రాత్రి తను ఇక్కడ, తడి స్వెట్టరుతో. ప్రమాదం అని ఇన్నాళ్లూ చెప్పింది హాల్వార్ కాదు, ఆయన వదిలి వెళ్లిన ప్రతిధ్వని. దాని మాట విని పిల్లను దూరం పెట్టుకోవడం ఏం న్యాయం?

రిసీవరు ఎత్తింది. గేటు గుడిసె నంబరు వేళ్లకే వచ్చు.

“ఒద్వార్, ఇంగున్‌ని. తెరువు.”

“నీ మాటేనా?” అడిగాడు ముసలాయన. ఎప్పుడూ అలాగే అడుగుతాడు.

“నా మాటే.”

“సంతోషం అమ్మాయ్. మీ అత్త బన్నులు నాకూ రెండు ఇచ్చింది.”

ఫోన్ పెట్టేసి ఇంగున్ వాఫుల్ మొత్తం తినేసింది. వారంలో మొదటిసారి రుచి తెలిసింది. తోర్గేర్ ఆమె భుజం మీద ఒక్క చరుపు చరిచి కాఫీ పెట్టడానికి వెళ్లాడు.

*

పిల్లబండి కిటికీ కింద, మెట్ల పక్కన ఉంది. ఈ వారమంతా అక్కడే ఉంది, ఖాళీగా. మధ్యాహ్నం నిద్ర ఇక్కడి పిల్లలకు బయటే, ఎంత చలైనా. అందరు తల్లులూ అలాగే పడుకోబెట్టి లోపల తీరిగ్గా పనులు చేసుకుంటారు. ఇంగున్ వల్ల కాలేదు. పిల్ల ఏడిస్తే పర్వాలేదు, ఏడుపు మనకు తెలిసిన భాష. చడీచప్పుడూ లేకపోతేనే ఆమె ప్రాణం పోయేది. పరుగెత్తుకుంటూ వచ్చి దుప్పటి ఎత్తి, మూతి దగ్గర బుగ్గ పెట్టి, వెచ్చని ఊపిరి తగిలాకే మళ్లీ లోపలికి.

ఇప్పుడు బండి దులిపి, పరుపు వెచ్చబెట్టి ఉంచాలని మెట్లు దిగింది. గాలి మొహాన్ని కోసింది. గొర్రెతోలు పరుపు మీద దుప్పటి మడత పడి ఉంది. దాని మీద తెల్లగా, మెత్తగా, పిండి జల్లించినట్టు మంచు.

మంచు ఎక్కడిది? ఆకాశంలో చుక్కలున్నాయి.

తలెత్తింది. జలసంధికి అవతల కొండ శిఖరం నీలి చీకట్లో స్పష్టంగా ఉంది. దాని కొసనుంచి పొగలాంటిదేదో పక్కకు పారుతోంది. పొగ కాదు. అవతలి వాలు మీది మంచును గాలి ఎత్తుకొచ్చి ఇవతల పోస్తోంది. పైనుంచి ఒక్క చుక్క పడకుండానే. ఎన్నాళ్లుగా పోస్తోందో. కాల్ద్‌తిన్‌కూ ఇదే గాలి.

అలవాటు కొద్దీ ఆమె చెయ్యి ఖాళీ బండిలోని దుప్పటిని ఎత్తింది. ఊపిరి కోసం బుగ్గ వంచింది.

అలాగే ఆగిపోయింది.

పిల్ల నిశ్శబ్దంగా ఉందంటే ఏమిటి? ఏమీ జరగలేదని కాదు. ఇందాక ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉందని కూడా కాదు. దుప్పటి మూతి మీదికి జారిందేమో అని! తను పరుగెత్తుకొచ్చేది అందుకు కాదూ!

మెట్లు ఎలా ఎక్కిందో తెలీదు. తెర కింది మూలలో గీత కొట్టుకుంటోంది. ‘మౌనంగా ఉంటే ముందు స్తంభం ఎత్తు’. మూడు నెలలుగా రోజూ చూసిన మాటలు. ఆమె ఆ గీత ముందు ఒకే ఒక్క మాట కొట్టింది.

‘అడుగు.’

“ఏంటి? ఏమైంది?” కాఫీ గిన్నెతో వచ్చాడు తోర్గేర్.

“స్తంభం ఎలా కొలుస్తుంది? చెప్పు, తొందరగా చెప్పు!”

“కొసన కన్నుంటుంది. కిందికి చూసి చిన్న కేక వేస్తుంది. మంచుకు తగిలి కేక తిరిగొస్తుంది. ఎంతసేపట్లో వచ్చిందో దాన్నిబట్టి...”

“మంచు కన్నుదాకా వచ్చేస్తే?”

“కేక ఎక్కడికి పోతుంది, నోట్లోనే...” తోర్గేర్ ఆగాడు.

“ఆఖరి మాట ఏంటి? కొసకు ఒక చెయ్యి తక్కువ. తరవాత మౌనం. బ్యాటరీ చావలేదు తోర్గేర్. దాని నోరు మూసుకుపోయింది. మంచు దాన్ని కప్పేసింది. వారం నుంచి గాలి ఇంకా ఇంకా పోస్తూనే ఉంది.” ఆమె మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. “ఆయనకి తెలుసు. రేపు కడిగేస్తానన్నది ఇదే. మౌనంగా ఉంటే ముందు స్తంభం ఎత్తు అడుగు!”

గిన్నె బల్ల మీద పెడుతుంటే తోర్గేర్ చేతిమీద కాఫీ ఒలికింది. అతను చూసుకోలేదు. ఇంగున్ అప్పటికే నంబరు తిప్పుతోంది.

మోగింది. మోగింది. ఎత్తాడు.

“ఒద్వార్, మూసెయ్! బస్సుని పోనివ్వకు!”

“ఎప్పుడో పోయిందమ్మాయ్,” అన్నాడాయన నెమ్మదిగా. “వెనక దీపాలు కనపడుతున్నాయి ఇంకా, కొండ మలుపు దగ్గర. మీ అత్త పిల్ల చెయ్యి పట్టుకుని ఊపించింది నాకు. ఏం?”

“రేడియోలో చెప్పు, వెనక్కి రమ్మను!”

“కొండ కిందికి వెళ్లాక రేడియో పలకదు. నీకు తెలుసుగా.”  ముసలాయనకు ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది. ఇరవై ఏళ్లుగా ఆ కొండ కిందే బతుకుతున్నవాడు. “మంచు తోసే బండి బయటే ఉంది. హారన్ కొట్టుకుంటూ పోతా. ఫోన్ పెట్టెయ్యకు.”

రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడు. బూట్లు. తలుపు. బండి దగ్గి, దగ్గి, అంటుకుంది. హారన్ ఒకసారి పెద్దగా, మళ్లీ కొంచెం దూరంగా, మళ్లీ ఇంకా దూరంగా.

ఆ తరవాత ఖాళీ గుడిసె. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. పొయ్యిలో కట్టె చిటపటమంది. ఇంగున్ రెండు చేతులతో రిసీవరు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, కళ్లు మూసుకుంది. తోర్గేర్ ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చుని చెవి దగ్గరగా పెట్టాడు.

హారన్ మరొక్కసారి, దోమ పాడినట్టు.

అప్పుడు గుడిసెలో కప్పులు మోగడం మొదలైంది. ఒద్వార్ గూట్లో వేలాడదీసుకున్న కాఫీ కప్పులు. ముందు ఒక్కటి, గిన్నెకు చెంచా తగిలినట్టు చిన్నగా. తరవాత పక్కది. తరవాత అన్నీ కలిసి, తలుపు బయట ఎవరో పెద్ద చేత్తో గుడిసెను పట్టుకుని ఊపుతున్నట్టు.

టక్కున ఆగిపోయింది.

గడియారం లేదు. పొయ్యి లేదు. తీగలో గుర్రుమనే చప్పుడు కూడా లేదు.

“ఏమంటున్నాడు?” తోర్గేర్ ఇంకా దగ్గరికి జరిగాడు. “ఇంగున్, ఏం వినపడుతోంది?”

ఆమె రిసీవరును చెవి నుంచి తియ్యలేదు. పిల్ల మూతి దగ్గర పెట్టినట్టు, బుగ్గను దానికి ఆనించింది.

“ఏమీ లేదు,” అంది.